మన బాట కొసనున్న బందరు



నేడు నేను చెప్పబూనినది సముద్రపుటొడ్డుననున్న యొక పట్టణమును గూర్చి. దాని పేరు మచిలీపట్టణము, బందరని వాడుక. మెట్టసీమలో, రాతిగుట్టల నడుమ, చెరువు నిండునా నిండదా యని యాకాశము వంక చూచుచు బ్రతుకు మనకు సముద్రముతో నేమి పని యని మీరడుగవచ్చును. దానికి బదులు మీ వంటయింటి ఉప్పుజాడిలో నున్నది.

మనవైపు చౌటిమట్టిని కడిగి కొంత ఉప్పు తీసినమాట నిజమే. అది చాలెడిది కాదు. తక్కినదంతయు కోస్తానుండి ఎద్దుల వీపులమీద వచ్చినది. గోనెసంచిని పెరికె యందురు. ఉప్పు నింపిన పెరికెలను ఎద్దు వీపునకు ఇరువైపుల వ్రేలాడవైచి, వందలకొలది ఎద్దులను బారులు తీర్చి, లంబాడీలును పెరికవారును ఈ దారిని నడచిరి. తీరమునకు దిగునప్పుడు ధాన్యమును, పత్తిని దింపిరి. మరలునప్పుడు ఉప్పును తెచ్చిరి. పెరికవారి యిండ్లు నేటికిని మన యూళ్లలో కలవు. వారి పేరున నిలిచిపోయిన ఆ గోనెసంచి ఏ బాటను నడచినదో ఎరిగినవారు మాత్రము అరుదు. ఆ బాట కొసయే బందరు.

ఇక నా సంగతి యొకటి చెప్పుకొనవలసియున్నది. అది చెప్పనిచో ఈ ప్రసంగము చేయుటకు నాకు హక్కు లేదు. నేను ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగును, ఉపాధ్యాయులు కొరవడినప్పుడు చరిత్రమును బోధించితిని. గోలకొండ ప్రభువుల పాఠము వచ్చినప్పుడెల్ల గోడనున్న పటముపై బెత్తమును మోపి, "ఇది బందరు. ఇక్కడి కోటగోడను సముద్రపుటలలు తాకుచుండును. ఓడలు గోడప్రక్కకే వచ్చి నిలుచును" అని చెప్పుచుంటిని. పిల్లలు దానిని వ్రాసికొనిరి. పరీక్షలలో నాకే మరల వ్రాసి చూపిరి. నేను మార్కులు వేసితిని. ప్రశ్నించిన పిల్లవాడొక్కడును లేడు. వారు సముద్రమును చూచినవారు కారు; నేనును చూచినవాడను కాను. ఆ మాటను ఎక్కడ చదివితినో, లేక చదివినట్లు భ్రమించితినో, నేటికిని నాకు తోచదు. ఉద్యోగము విరమించిన పిమ్మట ఒక మార్గశిరమున బందరునకు పోయి, కాలినడకన చూచి వచ్చితిని. మీలో పోదలచినవారుందురు గనుక నేను నడచిన వరుసనే, దారి సహితముగా చెప్పెదను.

ముందుగా అక్కడికి పోవు మార్గము. సూర్యాపేటలో బస్సెక్కి, కోదాడ మీదుగా బెజవాడ చేరి, అక్కడ వేరొక బస్సులో కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, నిడుమోలు దాటినచో బందరు వచ్చును. సూర్యాపేటనుండి మొత్తము 200 కిలోమీటర్లకు అటునిటు. పూనానుండి హైదరాబాదు మీదుగా వచ్చు 65వ సంఖ్య జాతీయ రహదారి బందరులోనే ముగియును. మన ముంగిట నిత్యము రొదపెట్టుచు పోవు ఈ రోడ్డు తుదకు సముద్రము చెంత ఆగునని నేను బస్సు కిటికీ చెంత కూర్చున్నప్పుడు గాని తలపునకు తెచ్చుకొనలేదు.

ఈ దారి క్రొత్తది కాదు. 17వ శతాబ్దమున ఫ్రెంచి దేశపు రత్నవర్తకుడు టావెర్నియే గోలకొండనుండి బందరునకు ప్రయాణము చేసి మజిలీలను వ్రాసిపెట్టెను. తిన్నని దారిని 100 క్రోసులనియు, వజ్రపుగని మీదుగా పోయినచో 112 క్రోసులనియు లెక్క చెప్పెను. ఆ గని కొల్లూరు. దానిని ఈ దేశస్థులు 'గని' అందురని ఆతడు మన తెలుగుమాటనే తన గ్రంథమున కెక్కించెను. కృష్ణయొడ్డుననున్న ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయములో మునిగియున్నది. ఆతని మజిలీలలో 'పెంగెల్' వంటి యొక పేరు కలదు; అది మన నల్లగొండ చెంతనున్న పానగల్లేయని పండితులు గుర్తించిరి. ఉదయసముద్రపు కట్టమీద నిలిచి పచ్చల సోమేశ్వరుని గుడివైపు చూచువారు, ఆ దిక్కుననే వజ్రపు మూటలు నడచినవని తలంచుకొనవచ్చును. గోలకొండకును బందరునకును నడుమ బండ్లు సాగవని కూడ ఆతడు వ్రాసెను. కారణమేమనగా కొండలు, నదులు, చెరువులు దారికడ్డమట! మన చెరువులను గూర్చి పరదేశి చేసిన ఫిర్యాదు ఇది. నాకు మాత్రము అది ప్రశంసవలెనే వినిపించినది. బండ్లు సాగవు గనుకనే ఎద్దుల వీపులును, పెరికెలును.

బందరులో నాకు దారి చూపినవారు ఆ యూరి విశ్రాంతోపాధ్యాయులొకరు. మనవైపు ఉపాధ్యాయుని 'సారూ' అని పిలుతురు. అక్కడ 'మాస్టారూ' అందురు. ఆయన నన్ను మాస్టారూ యనియు, నేనాయనను సారూ యనియు పిలుచుకొనుచు రెండు దినములు నడచితిమి. ఆయన మొదట చెప్పినమాట ఇది: "మాస్టారూ, మా ఊళ్లో కట్టడాల కోసం వెతక్కండి. ఉప్పెన మిగిల్చినవి నాలుగే. పేటల పేర్లు వినండి." ఈ మాటను మీరును గుర్తుంచుకొని నడువుడు.

నడక కోనేరు సెంటరులో మొదలుపెట్టవలెను. ఊరినడుమ కూడలి అది. తెల్లవారక మునుపే చేరినచో ఎండ తగలదు. 1930లో ఉప్పు సత్యాగ్రహపు దినములలో తోట నరసయ్యనాయుడుగారు జాతీయపతాకమును ఎగురవేయబోయి, పోలీసుల లాఠీదెబ్బలకు స్పృహతప్పువరకు పతాకమును విడువక నిలిచినది ఇక్కడనే. ఈ చుట్టుప్రక్కల ఊరిలోనే 1902లో కృష్ణాపత్రిక పుట్టినది. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945 వరకు దానిని నడపిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరివారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు కలసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. జాతీయపతాకపు రూపకర్త పింగళి వెంకయ్యగారు అందు బోధించిరి. 1923లో పట్టాభిగారు ఆంధ్రాబ్యాంకును ఇక్కడనే స్థాపించిరి. ఆ బ్యాంకు 2020లో వేరొక బ్యాంకులో లీనమై, పేరు మాసిపోయినది. అంతకు పూర్వము, 1843లో నోబులు దొర స్థాపించిన పాఠశాల కలదు. ఈ యూరనే జన్మించి ఆ కళాశాలలో బోధించిన రఘుపతి వెంకటరత్నంనాయుడుగారు పిమ్మట సికిందరాబాదు మహబూబు కళాశాలకు ప్రధానాచార్యులైరి. ఇవన్నియు వేరొక దినమున చెప్పదగినవి. మనము పేటలలోనికి పోదము.

బందరులో వలందపాలెమను పేట కలదు. పరాసుపేట కలదు. ఇంగ్లీషుపాలెము కలదు. చదువుకొన్నవారు డచ్చివారనువారిని మన పెద్దలు వలందులనిరి, హాలండు వారన్నమాట. ఫ్రెంచివారిని పరాసులనిరి. ఈ మూడు పేర్లను కలిపి చదివినచో ఒక శతాబ్దపు చరిత్రము గోచరించును. వలందులు 1605లో వచ్చిరి. ఇంగ్లీషువారి 'గ్లోబ్' అను ఓడ 1611లో వచ్చినది. పులికాటులో దిగబోగా వలందులు అడ్డుపడిరి గనుక బందరు చేరినది. పరాసులు 1669లో గోలకొండ సుల్తానుచే ఫర్మానా పొంది వర్తకశాల పెట్టిరి. వీరు రాజులుగా వచ్చినవారు కారు. బట్ట కొనుటకు వచ్చినవారు. సుల్తాను హవల్దారు ఎదుట చేతులు కట్టుకొని సుంకము తగ్గింపుమని వేడినవారు.

ఆ 'గ్లోబ్' ఓడలో వచ్చిన ఫ్లోరిస్ అను వర్తకుని దినచర్యలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమొకటి కలదు. 1614లో ఆ యూరి అధికారి ఆతనికి బాకీ పడెను. ఎన్నిమారులడిగినను రేపు మాపని త్రిప్పుచుండెను. తుదకు ఫ్లోరిస్ సాహసించి, సుంకపుచావడిలోనున్న ఆ అధికారి కుమారుని పట్టి పడవలో వేసికొని ఓడకు కొనిపోయెను. ఆ కుమారుడు బ్రాహ్మణుడు. దినచర్యలో కనబడు వికృతరూపమును బట్టి పేరు వెంకటాద్రి కావచ్చును. ఆతడు ఓడలో పచ్చినీరైనను ముట్టడాయెను! తన చేత వండుకొన్నది తప్ప తినరాదు. ఓడలో మడికట్టి వండుకొనుట యెట్లు? పట్టితెచ్చినవానికే జాలి పుట్టి, ఇతనికి బదులు వేరెవరినైన పూటగా పంపినచో విడిచెదనని కబురంపెను. ఎవరును రాలేదు. కుమారుని యుపవాసము తండ్రి బాకీని తీర్చినది. మా వంశమువారెవరైన అట్టి స్థితిలో పడియుండినచో ఏమి చేసియుందురో యని ఇంగ్లీషుపాలెపు వీధి చివర నిలిచి కొంతసేపు నవ్వుకొంటిని.

అచ్చటినుండి వలందుల శ్మశానవాటికకు పోవలెను. పురావస్తుశాఖవారి రక్షణలోనున్న స్థలమది. పెద్ద రాతిపలకలు, వాటిపై వారి లిపిలో పేర్లు, తేదీలు, వంశచిహ్నములు లోతుగా చెక్కబడియున్నవి. శిల్పము చక్కనిది. చెక్కినవారు మనవారో వారివారో నేనెరుగను. 17, 18 శతాబ్దములలో ఈ యెండకును, ఈ జ్వరములకును తాళలేక రాలిపోయినవారి పేర్లివి. పరదేశమున చచ్చినవారియందు ఎవరికైనను కనికరము కలుగును, నాకును కలిగినది. అయితే వేరొక తలపును రాకపోలేదు. వీరిని ఇంతదూరము రప్పించిన బట్టను నేసిన సాలెవాని పేరు, అద్దకము వేసినవాని పేరు ఏ రాతిమీదను లేదు.

ఆ పేరులేనివారి పనిని కన్నులార చూడవలెనన్నచో పెడన పోవలెను. బందరునకు పది పన్నెండు కిలోమీటర్లు. ఇది నడువనక్కరలేదు, బస్సులు కలవు. నా రెండు దినములలో పూర్తిగా ఒక పూట ఇక్కడనే గడచినది. మీరును తొందరపడవలదు.

దీనిని ఇప్పుడు కలంకారి యందురు. అది పారసీకపు మాట. కలముతో చేసిన పని యని యర్థము. శ్రీకాళహస్తిలో నిజముగనే కలముతో గీయుదురు. ఇక్కడ టేకుకొయ్యపై పువ్వులను, లతలను చెక్కిన అచ్చులతో అద్దుదురు. అందుచేత మన పాతమాట 'అద్దకము'యే ఇక్కడి పనికి సరియైనది. ముందుగా బట్టకున్న గంజి పోవునట్లు ఉతికి, కరక్కాయనూరిన నీటిలో గేదెపాలు కలిపి అందు తడిపి ఆరవేయుదురు. పాలెందుకని యడిగితిని. అద్దినరంగు దారము వెంబడి ప్రాకకుండ పాలలోని వెన్న ఆపునట! తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది ఊరవేసిన కసరును అచ్చుతో అద్దినచో, అది కరక్కాయతో కలసి నల్లని గీత యగును. ఎరుపు కావలసినచోట పటికనీరు అద్దుదురు. అద్దినప్పుడు అక్కడ ఏమియు కనబడదు. తరువాత పారుచున్న కాలువనీటిలో జాడించి, ఎర్రరంగునిచ్చు వేళ్లును, చెక్కలును, జాజియాకును వేసి రాగిబానలో కాచుదురు. పటిక తాకినచోట మాత్రమే ఎరుపు పట్టి, తక్కినచోట నిలువదు. బానలోనుండి బట్టను పైకెత్తినప్పుడు, అంతవరకు కానరాని పువ్వు ఎర్రగా వెలువడుట చూచి నేను పసివానివలె చేతులు తట్టితిని. ఆ పనివాడు, "పెద్దాయనా, రోజూ చూసే మాకే ఒక్కోసారి వింతగా ఉంటుంది" అనెను.

ఆ యెరుపునకు పూర్వము చిరివేరను వేరు ముఖ్యముగా వాడిరి. సముద్రతీరపు ఇసుకనేలలలో పెరిగిన చిరివేరు శ్రేష్ఠమని 17వ శతాబ్దమునాటి విదేశవర్తకులు వ్రాసిరి. నేడు అనేకులు పొడిరంగులే వాడుచున్నారు. ఎండలో ఆరవేసినప్పుడు భేదము తెలియునని ఆ పనివాడే యొప్పుకొనెను. పారసీకమునకు చెట్టుబొమ్మలు, సయామునకు వేరొక తీరు, ఐరోపాఖండమునకు తీగెలు, పూలగుత్తులు, ఇట్లు ఏ దేశమునకు ఏ రుచియో తెలిసికొని ఇక్కడివారు అచ్చులు చెక్కిరి. ఇంతకు 1500 ఏండ్ల మునుపే, క్రీస్తు పిమ్మటి తొలి శతాబ్దమున, ఒక గ్రీకునావికుడు వ్రాసిన గ్రంథమున ఈ తీరమునకు 'మసాలియా' యని పేరు పెట్టి, ఇచ్చట సన్నని నూలుబట్టలు విస్తారముగా తయారగునని చెప్పెను. ఊరిపేరునకు చేపకథలు చెప్పువారు చాలమంది కలరు. నాకు ఆ గ్రీకునావికుని మాటయే బరువుగా తోచుచున్నది.

పత్తి లోసీమలనుండి వచ్చినదని మొదటనే చెప్పితిని. మన మగ్గములును ఈ సముద్రవర్తకమునకు దూరముగా లేవు. పుట్టపాకలో నేయు తేలియా రుమాళ్లు అరబ్బుదేశములవారు తలకు చుట్టుకొనుటకై ఓడలెక్కి పోయినవే. చీరాలలో పుట్టిన ఆ పని మన మెట్టకెక్కి నిలిచినది.

రెండవనాటి వేకువను కోటకు నడచితిమి. ఊరికి ఆగ్నేయముగా, ఇండ్లు పలుచబడిన పిమ్మట, దారి సన్నబడి ఇరువైపుల ఉప్పునేల మొదలగును. తుమ్మలు, అక్కడక్కడ మడచెట్లు, నీటిపాయలు, కొంగలు. నా గుండె కొట్టుకొనుచుండెను. ముప్పదియేండ్లు పటముపై చూపిన స్థలమును మొదటిసారి చూడబోవుచున్నాను. శిథిలమైన గోడలు, ఒక గంటగోపురము, ఆయుధశాల యని చెప్పెడి పెద్దకట్టడము కనబడినవి. పైకప్పుల వెంబడి రావివేళ్లు దిగియున్నవి. నేను ఒక మిట్టనెక్కి నాలుగు దిక్కులను చూచి, "సారూ, సముద్రమేది?" అని యడిగితిని.

ఆయన తూర్పువైపు చేయి చాచెను. చేయి చూపినవైపున బురదనేలయే గాని నీరు లేదు. "ఇక్కడికి కనపడదండీ. ఎప్పుడూ ఇంతే. పెద్ద ఓడలు అయిదు మైళ్ల అవతలే లంగరు వేసేవి. సరుకంతా చిన్న పడవల్లో పాయవెంట వచ్చేది" అనెను.

నేను పడిపోయిన గోడమీద కూర్చుంటిని. ఎందరు పిల్లలు! ఏటికి నలువదిమంది చొప్పున లెక్కించినను వేయిదాటుదురు. అందరి పుస్తకములలోను ఆ గోడను అలలు కొట్టుచున్నవి.

అయితే ఆ బురదయే ఈ కోట చరిత్రమని అక్కడ కూర్చున్నప్పుడే తెలిసినది. 1750లో ఈ పట్టణము పరాసుల చేతికి వచ్చినది. 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డు ముట్టడించెను. లోన పరాసుల సేనాని కాన్‌ఫ్లాన్స్. అప్పటి మన ప్రభువు సలాబతుజంగు పరాసులకు తోడుగా పెద్దసేనతో వచ్చుచుండెను. ఫోర్డు చెంత మందుగుండు అడుగంటినది. జీతములు లేక సేన గొణుగుచుండెను. చుట్టును బురద యుండుటచే కోటవారు నిశ్చింతగా నుండిరి. ఏప్రిలు 7వ తేదీ రాత్రి ఫోర్డు ఒక దళమును మోకాలిలోతు బురదలోనుండి నడపించి వట్టి బెదిరింపుదాడి చేయించెను. విజయనగరపు ఆనందరాజు సేన ద్వారమువైపు కేకలు పెట్టెను. అసలుదండు వేరొక బురుజు నెక్కినది. తెల్లవారునప్పటికి కోట లొంగెను. లొంగినవారి సంఖ్య లొంగదీసినవారి సంఖ్యను మించియుండెనట!

సలాబతుజంగు సేన సమీపమునకు వచ్చియు పోరలేదు. మే 14వ తేదీన సంధి జరిగినది. బందరును, దాని చుట్టునున్న పరగణాలును, నిజాంపట్టణమును ఇంగ్లీషువారికి దఖలుపడెను. 1766లో మరియొక సంధివలన ఉత్తరసర్కారులు వారివైనవి. పాఠ్యపుస్తకములలో దీనిని ఇంగ్లీషువారికిని పరాసులకును జరిగిన పోరుగా వ్రాయుదురు. నేనును అట్లే చెప్పితిని. ఆ గోడమీద కూర్చుండి చూచినప్పుడు అది మన దారికి ద్వారము మూసిన రాత్రియని తోచినది. అంతవరకు బాటయు, బాట కొసయు ఒకే ప్రభువు క్రింద నుండెను. పిదప మొదలొకరిది, కొస యొకరిది. 1802లో నిజాముకును కంపెనీకిని వర్తకపుటొడంబడిక జరిగి, బందరు రేవును వాడుకొనుటకు నిజామునకు అనుమతి యొసగబడెను. తన పూర్వుల రేవును వాడుకొనుటకు పరులనుండి కాగితము! ఆ యొడంబడికలోనే సరుకులపై నూటికి 5 చొప్పున సుంకము కుదిరినది.

రేవునకు అంతకు పెద్దదెబ్బ మనుష్యులు కొట్టినది కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో ఉప్పెన వచ్చి, 13 అడుగుల ఎత్తున సముద్రము ఊరిమీదికి నడచినది. బందరునందును చుట్టుప్రక్కల పల్లెలయందును 30,000 మంది చనిపోయిరి. నాతో నడచినవారు ఒక పాతయింటి గోడపై చేయివైచి చూపి, "నీరు ఇంతవరకు వచ్చిందని మా ముత్తాతగారు చెప్పేవారట" అనెను. ఆ చేయి నా తలకంటె ఎత్తున నుండెను. 1977 నవంబరు 19న దివిసీమనుముంచిన ఉప్పెనను ఆయన పిల్లవాడుగా చూచినవారు. పదివేల ప్రాణములు పోయినవి. దానిని గూర్చి అడిగితిని. కొంతదూరము మాటలాడక నడచి, "పదండి, ఎండెక్కుతోంది" అనెను. నేను మరల అడుగలేదు. ఆశ్వయుజ కార్తికములలో యాత్ర పెట్టుకొనవలదని ఇందుకే చెప్పుచున్నాను. మార్గశిరము మొదలు మాఘము వరకు మేలు.

కోటనుండి గిలకలదిండి పోయినచో జాలరుల పడవలు, ఎండుచేపల ఎండవెట్టు కనబడును. అక్కడినుండి ఊరిలోనికి మరలి, చిలకలపూడిలో 1929లో వెలసిన పాండురంగని సేవించి, బందరు లడ్డు కొనుక్కొనవచ్చును. సెనగపిండిని కారప్పూసవలె వేయించి, దంచి, బెల్లపుపాకములో త్రొక్కి చేయుట దాని ప్రత్యేకత. పండ్లు లేనివారికిని అనుకూలము. ఈ మాట స్వానుభవము.

తుదకు సముద్రము. ఊరికి పన్నెండు కిలోమీటర్లలో మంగినపూడి. కార్తికపున్నమకు అక్కడ వేలమంది స్నానము చేయుదురు. ఇసుక తెల్లగా మెరయునని తలంచితిని. అక్కడి నేల మన రేగడివలె నల్లగా, కాలికంటుకొనునదిగా నున్నది. నీరును లోతు తక్కువ. చాలదూరము నడచినను నడుముదాటదు. ఇంతదూరము వచ్చి మన చెలక మట్టినే త్రొక్కినట్లనిపించినది. కృష్ణ తెచ్చిన యొండ్రు కదా! మన గుట్టల మన్నును అందులో కొంత యుండకపోదు. నది తెచ్చిన ఈ మన్నే రేవును మెల్లమెల్లగా పూడ్చినది. సమీపమున 2023లో క్రొత్త రేవునకు పనులు మొదలైనవి. లోతు త్రవ్వి ఓడలను దరికి రప్పింతురట. 2014లో రాష్ట్రములు రెండైన పిమ్మట మనకు తీరము లేదు. కాని రోడ్డు ఆ దిక్కునకే పోవుచున్నది.

నేను నీటిలో మూడు మునుగులు మునిగి, అర్ఘ్యమిచ్చి, పెదవులపై నిలిచిన ఉప్పును నాలుకతో చూచితిని. మరలివచ్చునప్పుడు సూర్యాపేట బస్సుస్టాండులో నా పూర్వశిష్యుడొకడు కనబడి నమస్కరించెను. ఇప్పుడాతడును ఉపాధ్యాయుడే. బందరు సంగతి చెప్పి, కోటగోడ మాటలో నేను తప్పితినంటిని. ఆతడు తలవంచుకొని, "సారూ, నేను కూడ మా పిల్లలకు అట్లనే చెప్తున్న" అనెను.

అందుచేతనే ఆకాశవాణివారు పిలిచినప్పుడు కాదనక వచ్చితిని. నా యొద్ద చదివినవారు, వారియొద్ద చదివినవారు ఎవరైనను వినుచున్నచో, పుస్తకములో దిద్దుకొందురు గాక: బందరు కోటగోడను సముద్రము తాకదు. నడుమ బురదనేల కలదు. ఓడలు అయిదు మైళ్ల దూరమున నిలిచెడివి.